చలికి పగిలిన నేలలో బావి

మా చెలక వాగుకు పైగట్టున ఉంటుంది. చిట్యాల నుంచి వచ్చే బాట దిగి, తుమ్మలు దాటితే ఎర్రటి ఇసుక నేల కనిపిస్తుంది, అదే మాది. అందులో బోరు నిలవదు. నా పెనిమిటి బతికి ఉండగా ఒకసారి వేయించాడు, లోపల ఇసుక కూలి గొట్టం పూడిపోయింది. మా కొడుకు సమ్మయ్య ఇంకోసారి వేయించాడు, దానిదీ అదే గతి. ఆ తర్వాత వాడు జనగామలో పత్తి మిల్లుకు లారీ నడపడానికి పోయి, అక్కడే ఒక గది తీసుకున్నాడు. వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. చెలకను ఒక చూపు చూసి, పెండ్లాం పద్మలతతో ఒకటే మాట అనేవాడు.

"దీన్ని జామాయిల్ కర్రోళ్లకు కౌలుకిచ్చి జనగామకు నడువు. నీళ్లు లేని భూమిల ఏం జేస్తవ్?"

పద్మలతది తరిగొప్పుల. ఆమె తల్లిగారింట్లో చిన్న బావి మీద ఆకుకూరలు పండించేవారు. పొద్దున కోసి కట్టలు కట్టి అమ్మి, పదింటికల్లా ఇంట్లో అన్నం తినేవారు. ఆ పని చూసిన చేతులు ఆమెవి. జనగామలో గది చూసి వచ్చినప్పుడు నాతో అన్నది, "అత్తమ్మా, ఆ గదిల కొత్తిమీర ఏద్దామన్నా జాగ లేదు. కిటికీల సెప్పులు పెట్టుకున్నరు" అని.

చివరికి మొగుడితో ఒప్పందం చేసుకుంది.

"ఒక్క బావి తవ్వించు. నీళ్లు పడకపోతే నేనే మూట గట్టుకొని నీ ఎంట వస్త. మల్ల నోరు తెరిస్తే అడుగు."

"ఒక్కటే. అది ఎండితె ఇంకోటి అనొద్దు," అన్నాడు సమ్మయ్య.

నన్నూ రమ్మన్నారనుకోండి. నాకు ఎక్కడైనా తిన్నది అరుగుతుంది. ఎటూ చెప్పకుండా ఊరుకున్నాను.

బావి క్రేనుతో మాఘమాసంలో భద్రు వచ్చాడు. వాళ్లది గార్ల దగ్గర తండా. వెంట అతని భార్య జమ్లీ, నలుగురైదుగురు పనివాళ్లు. మా చెలకలోనే తాటిపత్రి కప్పి గుడారం వేశారు. వాళ్లలో వాళ్లు లంబాడీ మాట్లాడుకునేవారు, మాతో తెలుగు. భద్రుకు బావుల పని తండ్రి నుంచి వచ్చింది. క్రేన్లు లేని రోజుల్లో తట్టలతో మట్టి మోసిన మనిషి. ఇప్పుడు ఇంజిను చప్పుడు విని, తొట్టి ఎంత లోతుకు దిగిందో చెప్పేవాడు.

మొదటి రోజే పద్మలతకు ఒక కట్టుబాటు చెప్పాడు.

"సెల్లె, బావిల ఒక మాట ముట్టొద్దు. 'లేదు' అనే మాట. పైన ఎన్నిసార్లన్న అనుకోండ్రి. గుంతల మాత్రం అనొద్దు."

"మరి ఏమనాలె?"

"అన్నం తిన్నవా అంటె 'తినాలె' అనాలె. బీడీ ఉన్నదా అంటె 'పైనున్నది' అనాలె. నీళ్లు పడ్డయా అంటె 'వస్తున్నయి' అనాలె."

నాకు వింతగా తోచలేదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయని అంటాం కదా. మా చిన్నప్పుడు మా మేనమామ బావి తవ్వేటప్పుడు కూడా వడ్డెరవాళ్లు ఇట్లాగే ఏదో మాటను దూరం పెట్టేవారు. ఆ మాట ఏదో ఇప్పుడు జ్ఞాపకం రావడం లేదు గానీ, దాన్ని నోరుజారి అన్న మా పిన్నిని గుంత దగ్గరికి మళ్లీ రానీయకపోవడం జ్ఞాపకం ఉంది.

పైన వదులు ఇసుక పోయింది. దాని కింద చేత్తో గీరితే రాలే మెత్తని ఎర్రరాయి వచ్చింది. నిలువు లోతు దాటాక, వాగు దిక్కు గోడలో తెల్లటి ఇసుక ఒకటి బయటపడింది. పైన చాటంత వెడల్పు, కిందికి పోను పోను సన్నబడుతూ, ఎర్రగోడలో నాలుక వేలాడినట్టు ఉంది. భద్రు దాని మీద అరచేయి పెట్టి తీశాడు. చేతికి చెమ్మ అంటింది. మట్టిని వాసన చూశాడు. క్రేను ఆపమని పైకి సైగ చేశాడు.

"జల," అన్నాడు.

జల, అంటే నీటి ఊట, కనిపిస్తే వాళ్లకో పద్ధతి ఉంది. ఇంటి కోడలు తొట్టిలో దిగి, జలకు పసుపుకుంకుమ పెట్టాలి. కొబ్బరికాయ కొట్టాలి. ఆ తర్వాత బావి జల చెప్పినట్టు వినాలి. అది పక్కకు పోతే పక్కకు, కిందికి పోతే కిందికి. పసుపు పెట్టిన జలను విడిచి వేరే చోట గడ్డపార వేయరు. పద్మలత ఆ రోజు తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకొని దిగింది. పైకి వచ్చాక ఆమె మొహం చూసి జమ్లీ అంది, "గింత సంబురం నీ పెండ్లినాడు గూడ పడకపోవచ్చు."

"పెండ్లినాడు సంబురపడనీకి మీ అన్న మొకం సూసిననా," అంది పద్మలత.

మర్నాటి నుంచి నడిమి తవ్వకం ఆపి, తెల్ల ఇసుక వెంట పక్కకు గుహలా తవ్వాలని భద్రు అన్నాడు. అది నాకు నచ్చలేదు. ఇసుక కింద పక్కకు తవ్వడమంటే, మా మేనత్త కొడుకు పోయింది అట్లాగే. కానీ నన్ను ఎవరూ అడగలేదు. క్రేను ఇంత లోతుకు అని మాట్లాడుకున్న పని, అది అయిపోగానే వాళ్లు వేరే ఊరికి పోవాలి. పక్కకు తవ్వితే ఆ లెక్కలో కిందికి తవ్వడానికి ఏమీ మిగలదు. పద్మలతకు ఉన్నది ఒక్క బావి.

ఆ మర్నాడే జ్యోత్స్న వచ్చింది. మా చెల్లెలి మనుమరాలు, ఊరు మానుకోట. వరంగల్‌లో ఉండి రాళ్ల చదువు చదువుతోంది. మా వాగు ఒడ్డులో పాతకాలపు చలి గుర్తులు ఉన్నాయేమో చూసి రమ్మని వాళ్ల సారు పంపాడట. సంచిలో బట్టల కంటే ముందు సుత్తె కనిపించింది.

"ఆడపిల్లకు సుత్తెందుకే? రేపు మొగని నెత్తి పగులగొట్టనీకా?" అంది జమ్లీ.

"ముందుగాల రాళ్ల మీద నేర్సుకుంటున్న అక్కా," అంది జ్యోత్స్న.

ఇద్దరికీ స్నేహం కుదిరింది. బావి గోడలో ఏముందో చూస్తానని పిల్ల అడిగితే, భద్రు తొట్టిలో దింపాడు. నేను గట్టు మీద కూర్చుని చూస్తున్నాను. తెల్ల నాలుక దగ్గరికి పోయి, చిన్న కత్తితో పక్కలు గీరింది. పసుపు చెరగకుండా పక్కనుంచే గీరింది, అది నేను చూశాను. ఫోనుతో ఫోటోలు తీసింది. ఎర్రరాయి పొరలు తెల్లదాని దగ్గరికి వచ్చేసరికి కొంచెం పైకి వంగి ఉన్నాయని తనలో తాను అనుకుంటూ నవ్వుకుంది. మంచి గాజులు దొరికిన పిల్లలా ఉంది.

"మా జల ఎట్లుంది బిడ్డా?" అని భద్రు అడిగాడు.

"ఇది జల కాదన్నా. ఇండ్ల నీళ్లు లేవు. కిందికి పోను పోను సన్నమై అయిపోతది," అంది పిల్ల.

గడ్డపారలు ఆగాయి. ఒకడు తన దాన్ని గోడకు ఆనించి తొట్టి ఎక్కాడు. తర్వాత ఇంకొకడు. భద్రు అందరికంటే చివరగా వచ్చాడు.  పిల్ల అతనితోపాటే తొట్టిలో పైకి వచ్చి నిలబడి, ఏం జరిగిందో తెలియక నావైపు చూసింది.

"ఇయ్యాల దిగం. మాట పడ్డది," అని భద్రు గుడారం వైపు పోయాడు.

పద్మలత కొంగు నడుముకు చెక్కుకుని కాసేపు గుంతలోకి చూసింది.

"బిడ్డా, గా ముచ్చట పైకొచ్చినంక సెప్పొద్దా," అంది.

"ఏం ముచ్చట అత్తమ్మా? నేనేమన్న?"

అప్పుడు నేను కట్టుబాటు సంగతి చెప్పాను, 'లేవు' అన్నా 'లేదు' అన్నట్టేనని. పిల్ల మొహం చిన్నబోయింది. మొండిపిల్ల కాదు, భద్రు దగ్గరికి పోయి, నాకు తెల్వదన్నా అంది. భద్రు బీడీ వెలిగించుకుంటూ వీపు తిప్పుకునే ఉన్నాడు. జమ్లీ మాత్రం చాయ్ పెట్టి అందరికీ పోసింది.

"సరే గని, జల కాకపోతె అదేందో సెప్పు," అన్నాను నేను.

జ్యోత్స్న అటూ ఇటూ చూసి, జమ్లీ చాచుకున్న కాళ్ల దగ్గర ఆగింది. మట్టి పనిలో తిరిగే మనిషి, చలికాలం వెళ్లలేదు ఇంకా, మడిమలు నిలువునా పగిలి ఉన్నాయి. పగుళ్ల నిండా మా చెలక ఇసుక.

"గిదే అవ్వా. అక్క మడిమె లెక్కనే. చలికి నేల బిగుసుకపోయి పగిలింది. పగులుల గాలికి ఇసుక వచ్చి పడ్డది. మల్లేడాది చలికి ఆడ్నే పగిలింది, మల్ల ఇసుక పడ్డది. గట్ల పడంగ పడంగ పైన ఎడల్పు, కింద సన్నం."

"నా కాళ్లు సూసి మీ సారుకు సెప్పకు," అని జమ్లీ చీర కిందికి లాక్కుంది.

"మన దిక్కు గంత చలేడిది? మాఘంల గూడ పొద్దెక్కితె కుతకుత ఉడుకుతది," అన్నాను.

"నేల లోపలి నీళ్లు గూడ రాయి అయ్యేటంత చలి అవ్వా. ఎండకాలం గూడ లోపల కరగకపోయేది. గప్పుడు మనుషులు పుట్టలేదు. మన దేశం గూడ ఇక్కడ ఉండలే, దక్షిణాన ఆ సివరికి ఉండె."

"దేశం ఇల్లు మారిందా?"

"మారింది. మెల్లమెల్లగ జరుగుకుంట వచ్చింది."

"సూడు," అన్నాను పద్మలతతో. "దేశమే మారిందట. నువ్వు జనగామకు మారవా?"

"దేశానికి మొగడుగ సమ్మయ్య దొరకలేదు గద," అంది నా కోడలు.

భద్రు మొహం అటే పెట్టుకుని అడిగాడు, "చలికి పగిలిందంటవ్. మరి తడేంది?"

"వానకాలం నీళ్లన్నా. చుట్టున్న రాయి కంటె ఇసుక వదులుది. అందుకని చెమ్మ అండ్ల నిలుస్తది. మనం తవ్వి గాలి తగిలిస్తె ఆరిపోతది."

"మరి నీళ్లు ఎక్కడున్నయి?"

"అది నాకు తెల్వదు."

భద్రు అప్పుడు ఇటు తిరిగాడు. నవ్వుతున్నాడు.

"గింత సదువు సదివి గదొక్కటి తెల్వదా?"

"నిజంగనే తెల్వదన్నా. వాగు కింది ఒడ్డుల రాళ్లు కలిసిన బంకమన్ను సూసిన. మంచు తోసుకొచ్చి పోసిన మన్ను అది. నీళ్లను కిందికి దిగనియ్యదు. ఈ బావి కింద గూడ అదుంటె, దాని మీద నీళ్లు నిలవొచ్చు. ఉంటె."

ఆ 'ఉంటె' పద్మలతను నిద్రపోనివ్వలేదని మర్నాడు ఆమె కళ్లు చెప్పాయి. ఆ సంగతి తర్వాత. ముందు మాట పడిన దోషం పోవాలి. దానికి విరుగుడు ఏమిటని అడిగితే జమ్లీ చెప్పింది. ఎవరి నోట ఆ మాట వచ్చిందో, వాళ్లింటి నీళ్లు తెచ్చి గుంతలో పోయాలి. అప్పుడు దిగొచ్చు.

"మా ఇల్లు మానుకోటల ఉన్నది గద," అంది జ్యోత్స్న.

"అయితె మానుకోట నీళ్లే పొయ్యాలె."

"వరంగల్ హాస్టల్ నీళ్లు నడవయా?"

"హాస్టల్ల నీ పొయ్యి ఉన్నదా? పొయ్యి లేనిది ఇల్లెట్లయితది?"

జ్యోత్స్న తల్లికి ఫోన్ చేసింది. ఆ తల్లి గొంతు గట్టిది, ఫోను పక్కన ఎవరున్నా వినిపిస్తుంది.

"నీళ్లు పంపాల్నా? తాగ నీళ్లు గూడ దొరకని ఊరికి ఎందుకు పోయినవే?"

"తాగనీకి కాదమ్మా, బావిల పొయ్యనీకి."

"మా అమ్మ అక్కగారింట్ల అందరు మంచిగనే ఉన్నరా?"

అయినా పంపింది. కూల్‌డ్రింకు సీసాలో నల్లా నీళ్లు నింపి, మూత మీద గుడ్డ కట్టి, బస్సు కండక్టరు చేతికి ఇచ్చింది. అది రెండు బస్సులు మారి మర్నాడు చిట్యాలలో దిగింది. జ్యోత్స్న తానే పోయి తెచ్చుకుని, తొట్టిలో దిగి, గుంత నడుమ పోసింది. పనివాళ్లు గట్టు మీద నిలబడి చూశారు. భద్రు తలగుడ్డ విప్పి మళ్లీ కట్టుకున్నాడు. దోషం పోయింది.

ఇక ఎటు తవ్వాలి? భద్రు మాట స్పష్టంగా ఉంది.

"పసుపు వెట్టిన జలను నా అంతల నేను ఇడువను. మా నాయిన ఇడువలే. నువ్వు ఇంటిదానివి, నువ్వు సెప్పు సెల్లె. నడిమిట్ల తవ్వమంటె తవ్వుత. రేపు ఎండితె మాత్రం భద్రు ముంచిండు అనొద్దు."

పద్మలత మొగుడికి ఫోన్ చేయలేదు. చేస్తే ఏమంటాడో తెలుసు. జ్యోత్స్నను పిలిచి అడిగింది.

"సన్నమై అయిపోతది అన్నవు. ఎంత కిందికి?"

"నా నడుమెత్తు తవ్వితె సాలు అత్తమ్మా. అంతకు మించి పోదనుకుంటున్న."

"అనుకుంటున్నవా, తెలుసా?"

"పైన ఎడల్పు సూసి అంటున్న. ఇట్లాంటివి పుస్తకంల సూసిన. కండ్లతోని సూసుడు ఇదే మొదలు."

పద్మలత తల ఊపింది. పక్కకు గుహ వద్దనీ, గోడ పక్కనే నాలుక వెంట నిలువునా దిగమనీ భద్రుకు చెప్పింది. జల కిందికి పోతే కిందికి పోవడం వాళ్ల పద్ధతిలోనూ ఉంది కదా. భద్రు ఎవరికీ వదలకుండా తానే గడ్డపార పట్టాడు. పొడిచిన కొద్దీ తెల్ల ఇసుక సన్నబడింది. జానెడయింది, బెత్తెడయింది, తర్వాత వేలంత. చివరికి నాగలి కర్రు మొనలా దిగి, ఎర్రరాయిలో ఆగిపోయింది. ఆ మొన కింద రాయికి చీలిక కూడా లేదు. అప్పటికి పై భాగంలో చెమ్మ ఆరి, పసుపు పొడిపొడిగా రాలుతోంది.

భద్రు మొన మీద వేలు పెట్టి చూశాడు. గుంతలో ఉన్నాడు కనుక అనాల్సిన మాట అనలేడు.

"ఇది ఈడికొచ్చి కూసున్నది," అన్నాడు.

పద్మలత తొట్టిలో దిగింది. నాలుక మీద తాను పెట్టిన పసుపును కొంగుతో తుడిచి, చేతిలోకి రాల్చుకుని, గుంత నడిమికి వచ్చి అక్కడ చల్లింది. అట్లా చేయవచ్చో లేదో ఎవరికీ తెలియదు. అంతకుముందు ఎవరూ చేసి ఉండరు. భద్రు ఆ చోట చెప్పులు లేని కాలితో ఒకసారి తొక్కి చూసి, గడ్డపార అక్కడ వేశాడు.

జ్యోత్స్న వచ్చిన పని ముగించుకుని వెళ్లిపోయింది. పోయే ముందు నాలుక దగ్గర నిలబడి మళ్లీ ఫోటోలు తీసుకుంది. ఇంకా ఇట్లాంటివి చుట్టుపక్కల ఉంటాయనీ, పైన మట్టి తీసేస్తే ఎండిన చెరువు మట్టి నెర్రెలిచ్చినట్టు నేలంతా గళ్లుగళ్లుగా కనిపిస్తుందనీ చెప్పింది. గోడ కూలకుండా ఆ పైభాగానికి రాతికట్టు కడతారంటే, కొంచెం వదిలి కట్టమని భద్రును బతిమాలింది.

"నీ మొకం సూసి వదిలితె గోడ నా నెత్తిన పడ్తది," అన్నాడు భద్రు. ఇప్పుడది రాతికట్టు వెనక ఉంది.

నడుమ తవ్వకం తొందరగా సాగలేదు. ఎర్రరాయి గట్టిపడింది. పద్మలత రోజూ పొద్దున గట్టు మీదికి వచ్చి, కింద ఎవరుంటే వాళ్లను నీళ్లు పడ్డాయా అని అడిగేది. వస్తున్నయి అని జవాబు వచ్చేది. వాళ్లు అనగలిగింది అదొక్కటే కాబట్టి, ఆ జవాబులో ఆమెకు తెలిసేది ఏమీ ఉండదు. అయినా అడిగేది. జనగామ నుంచి ఫోన్ వస్తే, "తవ్వుతున్నరు" అని పెట్టేసేది. ఒక రోజు నేను పోయేసరికి, పెట్టెలోంచి దుప్పట్లు తీసి మడతలు పెడుతోంది.  

మాట్లాడుకున్న లోతు ఇక కొంచెమే ఉందనగా తొట్టిలో రంగు మారిన మట్టి వచ్చింది. పచ్చగా, బూడిదరంగు కలిసిన బంకమన్ను. దానిలో గుండ్రటి రాళ్లు, కొన్నిటి మీద గీతలు. జమ్లీ ఒక రాయి తీసి ఒళ్లో పెట్టుకుని, దీని మీద ఎవరో కత్తి నూరినట్టుందని అంది. దానికి పైనున్న ఇసుకపొర నుంచి, నాలుగు గోడలకూ, నీళ్లు చెమట పట్టినట్టు పట్టాయి. చిమ్మలేదు, పొంగలేదు. భద్రు పైకి చూశాడు.

"సెల్లె, వచ్చినయి," అన్నాడు.

'వస్తున్నయి' పోయి 'వచ్చినయి' అయింది. పద్మలత గట్టు మీదే కూర్చుండిపోయింది.

పొద్దుటికి నీళ్లు మోకాలి పైకి చేరాయి. భద్రు బంకమన్నును తెగేదాకా తవ్వలేదు. అది తెగితే నీళ్లు కిందికి పోతాయని అతనికి ఆ పిల్ల చెప్పనక్కరలేదు. రాతికట్టు కట్టి, గుడారం పీకి, క్రేనుతో వెళ్లిపోయాడు. జమ్లీ గీతల రాయిని వెంట తీసుకుపోయింది.

ఆ ఆదివారం సమ్మయ్య మోటారు పట్టుకుని వచ్చాడు. బిగించి నడిపిస్తే, వాడు చాయ్ తాగి కప్పు కింద పెట్టేలోపు బావి అడుగు కనిపించింది. మోటారు ఆపి కూర్చున్నాడు. పొద్దు తిరిగాక మళ్లీ కొంచెం నీళ్లు చేరాయి.

"పత్తికి సాలవు గివి," అన్నాడు.

"పత్తి ఎవలేస్తున్నరు?" అంది పద్మలత.

"మరేమేస్తవ్?"

"తోటకూర. పాలకూర. మెంతి. వాగు దిక్కు ఒక చెక్క సాలు. మిగిలింది పడావు వెట్టినా నాకు బాధ లేదు."

"గీ నీళ్లతోని ముగ్గురం బతుకుతమా?"

"ముగ్గురం బతుకుతమని నేనెక్కడన్న? నీ లారీ నువ్వు నడుపు. నేను ఈడ ఉంట అంటున్న."

"నీళ్లు పడకపోతె వస్తనన్నవ్."

"పడ్డయి గద."

"గివి నీళ్లా?"

వాడు నావైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు సెప్పు. గివి నీళ్లేనా?"

"పొద్దుగాల గా నీళ్లతోనే పప్పు వండిన. మెత్తగ ఉడికింది. నువ్వు రెండుసార్లు వెట్టించుకున్నవు," అన్నాను.

సమ్మయ్య మట్టికుప్ప మీద కూర్చుని వాగువైపు చూశాడు. తర్వాత లేచి, పార తీసుకుని, పద్మలత గీత గీసిన చోట మడికి ఒడ్డు తీశాడు. ఒడ్డు వంకరగా వచ్చింది. లారీ అయితే ఇంత వంకరగా నడపవు కదా అని ఆమె అంటే, లారీకి ఇంత ఇరుకు బాట ఎవడూ ఇయ్యడు అన్నాడు. సాయంత్రం బస్సుకు బయలుదేరుతూ, మెంతికూర ఎన్ని రోజులకు వస్తుందని అడిగాడు.

"వచ్చే ఆదివారానికి మొలకే వస్తది. ఆ పైన రెండు వారాలకు సంచి తెచ్చుకో," అంది పద్మలత, మెంతులు నానబోయడానికి గిన్నె కడుగుతూ.